నక్కల సందు చుట్టూ ఒక రౌండ్

ఇస్హాక్ ఏడో తరగతితో చదువు ఆపేశాడు. పరీక్షలంటే భయమేమీ లేదు, వాటికి ముందు చదవాలని ఎవరూ గట్టిగా చెప్పలేదంతే. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట, ఒక బుధవారం తెల్లారుతూనే కిరాయి వదులుకుని, ఆదివారం జరగబోయే పరీక్ష కోసం నాలుగు కిలోమీటర్ల గుట్టల దారిని బట్టీ పట్టడానికి బయలుదేరాడు.

పరీక్ష పెట్టింది కన్నకూతురు అలీజా. పందెం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు.

ఇస్హాక్ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో టాక్సీ నడుపుతాడు. ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాది నుంచీ అక్కడే. అంతకుముందు ఆరాంఘర్‌లో ఆటో. రెండూ కలిపి ఇరవై ఎనిమిదేళ్లు. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో రాంగ్ రూట్ చలాన్ ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి తెలియని మనిషి శంషాబాద్‌లో ఎవరైనా ఉంటే వాళ్లు నిన్న మొన్న విమానం దిగినవాళ్లయి ఉండాలి. యూటర్న్ మూడు కిలోమీటర్ల అవతల ఉంటే మూడు కిలోమీటర్లూ వెళ్లి, మర్యాదగా తిరిగి, మూడు కిలోమీటర్లూ వెనక్కి వచ్చే రకం. సొంత బావమరిది పెళ్లికి ఆ లెక్కనే వెళ్లి, నిఖా అయిపోయాక చేరాడు. భార్య మసర్రత్ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. తప్పు తనది కాదు, డివైడర్‌ది అని ఇస్హాక్ ఇప్పటికీ అంటాడు.

అలీజాకు ఇరవై ఆరు. గగన్‌పహాడ్‌లో ఒక గోదాము వ్యాను రెండేళ్లుగా నడుపుతోంది. టాక్సీ బ్యాడ్జి కూడా తెచ్చుకుంది. కారు నాకియ్యి, నువ్వు జర ఆరాం చెయ్యి అని ఏడాదిగా తండ్రిని అడుగుతోంది. "నా కండ్లు మంచిగున్నన్ని రోజులు స్టీరింగ్ నాదే" అని ఇస్హాక్ ఏడాదిగా ఒకటే జవాబు చెబుతున్నాడు. మొదట్లో ఆ జవాబు నిజమే. నాలుగు నెలల కింద అది అబద్ధమైపోయింది. జవాబు మాత్రం మారలేదు.

నాలుగు నెలల కింద రాజేంద్రనగర్‌లో ఒక కళ్ల డాక్టరమ్మ అతని గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. ఇస్హాక్ శ్రద్ధగా నొక్కాడు. చాలాసేపు చుక్కలేవీ రాకపోయేసరికి యంత్రం ఆగిపోయిందని ఆమెకు చెప్పాడు కూడా. యంత్రం బాగానే ఉంది. కాలా మోతియా అందామె. అర్థం కాలేదేమోనని నీటికాసులు అని తెలుగులో కూడా అంది. ఎదుటి చూపు ఉంది, పక్క చూపు పోయింది. ఓరగా వేసిన తలుపు సందులోంచి వీధిని చూసినట్టు, సందుకు ఎదురుగా వచ్చిందే కనిపిస్తుంది. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. చుక్కల మందు రోజూ వేసుకోవాలి, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, డ్రైవింగ్ ఇవాళ్టి నుంచే మానెయ్యాలి. ఈ మూడింటిలో రెండింటిని ఇస్హాక్ తు.చ. తప్పకుండా పాటించాడు.

చుక్కలు దుమ్ముకని ఇంట్లో చెప్పాడు. రాత్రి కిరాయిలు మానేశాడు. ఎడమ పక్క ఏముందో తెలియనప్పుడు హారన్ కొట్టేవాడు. అయినా ఎడమ తలుపు మీద ఒక పొడుగాటి గీత పడింది. గల్లీలో బర్రె అడ్డమొచ్చిందన్నాడు. నెల తిరక్కుండా ఎడమ అద్దం విరిగింది. కొత్తది వేయించి, దానికీ బర్రే అన్నాడు.

"రెండుసార్లు ఒక్క బర్రేనా అబ్బా?" అని అలీజా అడిగింది.

"బర్రెలన్నీ ఒక్కతీరుగనే ఉంటయ్ బేటా, ఎట్ల చెప్తం?"

అలీజా బర్రె సంగతి అంతటితో వదిలేసి, అన్నం దగ్గర కూర్చున్నప్పుడు తన షరతు చెప్పింది. "ఆదివారం నాతోని నక్కల సందుకు రా. గుట్టల చుట్టూ ఒక రౌండ్ నడుద్దాం, నిమ్మలంగనే. తొవ్వల నేను చూసినవన్నీ నువ్వు గూడ చూసినవనుకో, ఇగ జిందగీల కారు మాటెత్తనే ఎత్త. చూడకపోతే తాళాలు నాకియ్యాలె."

ఒప్పుకోకపోతే అనుమానం బలపడుతుంది. ఇస్హాక్ ఒప్పుకున్నాడు.

నక్కల సందు అంటే శంషాబాద్ అవతల రెండు గుట్టల నడుమ లోయ. బోర్డు మీద దాని పేరు వలయాకార వనవిహార పథం. ఆ పేరు పెట్టినవాళ్లు తప్ప ఎవరూ దాన్ని పలకలేదు. ఇస్హాక్ విన్న లెక్కన, గేటు దగ్గర మొదలై, చిట్టడవిలోంచి లోయలోకి దిగి, వాగు పక్కన నడిచి, హిమాయత్‌సాగర్ నీళ్లు కనిపించే బండ ఎక్కి, గుట్ట వెనక నుంచి చుట్టి, మళ్లీ గేటు దగ్గరికే చేరే దారి. డబ్బులిచ్చి బయలుదేరిన చోటికే తిరిగి రావడం ఇస్హాక్‌కు వింతగా తోచింది. అతని లెక్కలో ఎక్కినచోటే దిగే ప్రయాణికుడంటే పర్సు మర్చిపోయినవాడు.

కళ్ల సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, రాములు. ఎయిర్‌పోర్టు పార్కింగులో, కిరాయిల వరుసలో ఇస్హాక్ వెనక నంబరు అతనిదే. ఆ గుట్టల పక్క ఊళ్లోనే పుట్టాడు. రాములు మొదటిసారి "ఇంట్ల చెప్పెయ్ భాయ్" అన్నాడు. రెండోసారి కూడా "చెప్పెయ్" అన్నాడు. మూడోసారి "సరే, బుధవారం పోదాం పా" అన్నాడు.

అలా బుధవారం ఇద్దరూ వెళ్లారు. టికెట్లిచ్చే కౌసల్యమ్మ ఇంకా రాలేదు. గేటుకు కుడి పక్కనున్న ఖాళీలోంచి రాములు సొంత పెరట్లోకి పోయినట్టు దూరాడు. "నేను మేకలు కాసిన తొవ్వ ఇది, నాకు టికెట్ ఏంది?" అన్నాడు. ఇస్హాక్ వెనకే నడిచాడు. రూటు నేర్చుకోవడం అతనికి వచ్చిన విద్య. గేటు నుంచి నూట ఇరవై అడుగులకు చింతచెట్టు. అది దాటాక ఎడమ పక్క మూడు బండలు, ఒకదాని మీద ఒకటి. రెండో మలుపులో కుడి పక్క సీతాఫలం పొద, నిండా కాయలు. ఆ తర్వాత పుట్ట, తర్వాత వంగిన తునికి చెట్టు, తర్వాత వాగు మీద రెండు సిమెంటు పలకలు. ప్రతిచోటా ఆగి తల మొత్తం తిప్పి చూసుకున్నాడు, అడుగులు లెక్కపెట్టుకున్నాడు, మనసులో ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు. చెరువు కనిపించే బండ ఎక్కేసరికి రాములుకు చెమట పట్టింది. అంగీ విప్పి అక్కడున్న ఏదో బోర్డుకు ఆరేసి బీడీ ముట్టించాడు. మిగతా సగం కూడా అలాగే నేర్చుకుని, రౌండ్ పూర్తి చేసి, ఇస్హాక్ ఇంటికొచ్చాడు. ఆదివారం దాకా మూడు రోజులూ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడల్లా పెదాలు కదిలిస్తూ పాఠం అప్పజెప్పుకున్నాడు. వెనక కూర్చున్నవాళ్లు నమాజు చదువుతున్నాడనుకున్నారు.

ఆదివారం పొద్దున మసర్రత్ ఉడకబెట్టిన గుడ్లు, ఉప్పు పొట్లం, నీళ్ల సీసా సంచిలో పెట్టింది. ఈ తండ్రీకూతుళ్లకు ఉన్నట్టుండి చెట్ల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందని ఒకసారి అడిగింది. ఇద్దరూ చెప్పులు వెతుక్కోవడంలో పడేసరికి ఇంకో రెండు గుడ్లు వేసింది.

కారు ఇస్హాకే నడిపాడు. అలీజా టికెట్ల వరుసలో నిలబడింది. ఆమె తిరిగి చూసేసరికి తండ్రి కుడి పక్క ఖాళీలోంచి అప్పటికే లోపలికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, ఈ అడవిని తానే కౌలుకిచ్చినట్టు నిలబడి ఉన్నాడు.

"ఇట్ల నుంచా అబ్బా?" అంది అలీజా.

"ఇటే. రూట్ నాకు చెప్తవా?"

అలీజా పక్కనున్న బండ వైపు ఒకసారి, తండ్రి ముఖం వైపు ఒకసారి చూసింది. తర్వాత సరే అంది. ఇస్హాక్ ఆ సరేను తన ఖాతాలో వేసుకున్నాడు.

ఆ ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, గడప దాటితే తెలుగు. ప్రయాణికులతో అలవాటై అలా స్థిరపడిపోయింది. నడక గడపకు బయటే కాబట్టి తండ్రీకూతుళ్లు తెలుగులోనే నడిచారు. అలీజా అతనికి ఎడమ పక్కన ఉంది. టికెట్ వెనక అచ్చు వేసింది పైకి చదివింది. "అందరూ ఒక్క దిక్కే నడవాల్నంట అబ్బా. లోపల తొవ్వ ఇరుకుందంట."

"మంచి పద్ధతి" అన్నాడు ఇస్హాక్ మనస్ఫూర్తిగా. "గిట్ల రోడ్ల మీద గూడ పెట్టాలె."

నూట ఇరవై అడుగులకు చింతచెట్టు వచ్చింది. కాసేపటికి అతను తల తిప్పకుండానే ఎడమ చెయ్యి చాపి, "మూడు బండలు చూసినవా? ఒకదాని మీద ఒకటి. ఎవలు పెట్టిన్రో" అన్నాడు.

"చూసిన అబ్బా."

ఒకటి కుదిరింది. ఇస్హాక్‌కు ఛాతీ కొంచెం వెడల్పయింది. గాలి చల్లగా ఉంది. వానలు తగ్గి వారమైంది, నేల ఇంకా మెత్తగానే ఉంది. ఎక్కడో వాగు చప్పుడు మొదలైంది. పరీక్ష లేకపోతే ఇదేదో బాగానే ఉండేదనుకున్నాడు.

మొదటి మలుపులోనే ఎదురుగా ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుతూ వచ్చారు. ఇస్హాక్ ఆగిపోయాడు. వాళ్లు పక్కనుంచి దూసుకుపోయాక, "చూసినవా, రాంగ్ రూట్ల వస్తున్నరు" అన్నాడు. "టికెట్ మీద రాసినా గూడ."

"అవు అబ్బా."

తర్వాత నలుగురు ఆడవాళ్లు వచ్చారు, అదీ ఎదురుగానే. ఆ తర్వాత కుక్కను పట్టుకుని ఒకాయన. కుక్క కూడా రాంగ్ రూటే. చదువుకున్నవాళ్లకు బుద్ధి లేదని, జరిమానా వేస్తే గాని దారికి రారని, శంషాబాద్ హైవే మీద రోజూ చస్తున్నది ఇలాంటివాళ్ల వల్లేనని ఇస్హాక్ వివరంగా చెప్పాడు. అలీజా ప్రతిదానికీ అవునంది. రెండో మలుపు రాగానే అతను ఉపన్యాసం ఆపి కుడి చెయ్యి చాపాడు. "సీతాఫలం చూడు బేటా. ఎన్ని కాయలున్నయో."

ఈసారి జవాబు కొంచెం ఆలస్యంగా వచ్చింది. "మస్తున్నయ్ అబ్బా."

లోయలోకి దిగాక దారి మనిషి వెడల్పుకు తగ్గిపోయింది. ఒక పక్క నిలువుబండ, ఒక పక్క వాగు, పైన కొమ్మలు. అక్కడ ఒక కుటుంబం ఎదురైంది. భర్త, భార్య, వెనక వాళ్ల అత్తగారు. భర్త ఆగి, చాలా మర్యాదగా, "ఏవండీ, బాణం గుర్తులు ఇటు ఉన్నాయండి, మీరేమో అటు నుంచి..." అన్నాడు. కోస్తా యాస.

ఇస్హాక్‌కు ఒళ్లు మండింది. "సార్, ఇరవై ఎనిమిది ఏండ్ల సర్వీస్ నాది. ఒక్క చలాన్ లేదు. మీరు నాకు రూట్ చెప్తున్నరా? ఇంత పెద్ద ఫ్యామిలీని తీస్కోని రాంగ్ రూట్ల వస్తున్నరు, జర షరం ఉండాలె గదా!"

ఆయన ఏదో అనబోయాడు. అంతలో ఆయన చూపు ఇస్హాక్ భుజం వెనకకు, అలీజా ఉన్న వైపుకు వెళ్లింది. అక్కడేం చూశాడో గాని ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. "సారీ అండీ, తప్పు మాదే" అని భార్యను, అత్తగారిని బండకు ఆనుకుని నిలబడమన్నాడు. ముగ్గురూ బల్లుల్లా అతుక్కుని దారిచ్చారు. గట్టిగా చెబితే ఎవరైనా వింటారని ఇస్హాక్ కూతురికి చెప్పాడు. అలీజా ముక్కు ఎగబీల్చింది. వాగు దగ్గర చల్లదనానికి జలుబు చేసిందేమో అనుకున్నాడు.

పుట్ట, తునికి చెట్టు, సిమెంటు పలకలు. ఒక్కటీ తప్పలేదు. నీళ్ల శబ్దం, అడుగుల లెక్క, కూతురి అవును అబ్బా. గెలుపు ఇంత సులువుగా ఉంటుందని అతను అనుకోలేదు. బండ మీదికి ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చినా ఆగలేదు. పైకి రాగానే చెట్లు విడిపోయి దూరాన హిమాయత్‌సాగర్ కనిపించింది. చెరువు నిండుగా ఉంది. అది నేరుగా ఎదురుగా ఉంది కాబట్టి అతనికీ నిండుగానే కనిపించింది. పైనుంచి విమానం చక్రాలు దించుకుని ఎయిర్‌పోర్టు వైపు పోయింది. బట్టీ పట్టకుండానే చూసినవి ఆ దారి మొత్తంలో ఈ రెండే. ఇస్హాక్‌కు నిజంగా సంతోషం వేసింది.

"ఇదే సగం. ఇగ సగమే ఉంది" అంటూ బెంచీ మీద కూర్చున్నాడు.

బెంచీకి ఎదురుగా బోర్డు ఉంది. బుధవారం దాని మీద రాములు అంగీ ఉంది. ఇవాళ లేదు. బోర్డు మీద దారి మొత్తం గుండ్రంగా గీసి ఉంది. గేటు, వాగు, లోయ, చెరువు. మీరు ఇక్కడ ఉన్నారు అని ఎర్ర చుక్క. దారి పొడవునా బాణాలు. ఇస్హాక్ గేటు దగ్గర వేలు పెట్టి బాణాల వెంట జరిపాడు. వేలు గుట్ట వెనక నుంచి చుట్టుకుని చెరువు దగ్గరికి వచ్చింది. తాము వచ్చిన లోయలోకి వేలు వెళ్లింది చెరువు తర్వాతే. రెండోసారి జరిపాడు. బోర్డులు రాసేవాళ్లు తప్పు రాయడం కద్దు. మూడోసారి జరిపాక బోర్డులో తప్పేమీ దొరకలేదు.

ఆ ఇద్దరు కుర్రాళ్లు, నలుగురు ఆడవాళ్లు, కుక్క, అత్తగారు, అందరూ సరిగ్గానే నడుస్తున్నారు. పొద్దుట్నుంచీ గుట్టల్లో రాంగ్ రూట్‌లో పోయిన మనిషి ఒక్కడే.

"బాణాలు ఈ బోర్డు మీదనే ఉన్నయా?" అని అడిగాడు, బోర్డునే చూస్తూ.

"తొవ్వంత ఉన్నయ్ అబ్బా. పక్కపొంటి బండల మీద. తెల్ల రంగు, ఇంతింత పెద్దయ్."

"నువ్వెప్పుడు చూసినవ్?"

"గేటు కాడనే."

ఇస్హాక్ ఆమె వైపు మొత్తం తిరిగాడు. "మరి ఎందుకు చెప్పలే?"

అలీజా నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "ఇక్కడిదాంక ముప్పై ఏడు బాణాలు దాటినం. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్ల, దీన్నన్న చూస్తడు, దీన్నన్న చూస్తడు అనుకుంట వచ్చిన."

"నేను చూస్తే కారు నాకే ఉంటుండె గదా."

"ఉండనియ్యి" అంది అలీజా. "కండ్లు మంచిగుంటుండె గదా."

ఇస్హాక్ సంచిలోంచి గుడ్డు తీసి పెంకు వలవడం మొదలుపెట్టాడు. చాలా శ్రద్ధగా వలిచాడు. ఉప్పు అద్దుకోవడం మర్చిపోయి మొత్తం తిన్నాడు. సిగ్గుగా ఉంది. పరీక్షలో దొరికిపోయినందుకు కొంత, ఈ పిల్ల రెండు కిలోమీటర్లు తన పక్కన నడుస్తూ ప్రతి బండ దగ్గరా తన కోసం ఆశపడినందుకు చాలా. అప్పుడు నాలుగు నెలల సంగతీ చెప్పేశాడు. డాక్టరమ్మ, చుక్కల యంత్రం, కాలా మోతియా, రాములు, బుధవారం, అడుగుల లెక్క. బర్రె లేదని కూడా చెప్పాడు. అది తనకు ముందే తెలుసంది అలీజా.

"లే, పోదాం" అన్నాడు చివరికి.

అలీజా ముందుకు కదిలింది. అతను వచ్చిన దారికే తిరిగాడు.

"ముందుకు పోయినా గంతే దూరం అబ్బా. రౌండ్ గూడ పూర్తయితది."

"తెల్వక పోయింది వేరే. తెలిసి తెలిసి రాంగ్ రూట్ల ఎట్ల పోత?"

ఆ మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరివల్లా కాలేదు. ఇద్దరూ వచ్చిన దారినే, బాణాల వైపుగా దిగారు. ఇప్పుడు ఎదురుగా ఒక్కరు కూడా రాలేదు. ఇస్హాక్ కోడిలా తల అటూ ఇటూ తిప్పుతూ నడిచాడు. తిప్పితే బాణాలు కనిపిస్తున్నాయి. నిజంగానే పెద్దవి. ముప్పై ఒకటి లెక్క తేలాయి. తక్కినవి ఎక్కడున్నాయో అలీజా చెప్పలేదు, అతనూ అడగలేదు.

సీతాఫలం పొద దగ్గర ఆగి చూశాడు. ఆకులు తప్ప ఏమీ లేవు.

"కాయలేవి?"

"కోతులు తిన్నట్టున్నయ్."

"మస్తున్నయ్ అంటివి?"

"అన్న" అంది అలీజా.

ఇంకో పది అడుగులు నడిచాక, ఎవరూ అడగకుండానే ఇస్హాక్ మాట్లాడాడు. "పోయిన నెల గగన్‌పహాడ్ కాడ ఒకామెకు తగిలిచ్చిన."

అలీజా ఆగిపోయింది.

"దెబ్బలేం తగల్లే. ఎడమ పక్క నడుస్తున్నది. నాకు అసలు ఆమె లేనే లేదు బేటా. రోడ్డు ఖాళీగ ఉన్నది నాకు. అద్దం తగిలి పడ్డది. అప్పుడే ఇరిగింది అద్దం. సంచి పగిలి టమాటలు రోడ్డంత పడ్డయ్. దిగి ఏరిన. ఏరుతుంటే గూడ నాకు సగమే కనిపిస్తున్నయ్. 'గా పక్కకు గూడ ఉన్నయ్ అన్నా' అని ఆమెనే చూపెట్టింది." అతను ఎడమ పక్క నేల వైపు చూపించాడు. "తిట్టలే. అన్నా అన్నది. తిడితే మంచిగుంటుండె."

"తర్వాత?"

"లోపల సారు ఫ్లైటు టైమైతుందన్నడు. పోయిన. దించిన. మల్ల నంబర్ల నిలబడి ఇంకో కిరాయి ఎక్కిచ్చుకున్న." సంచిని కుడి చేతికి మార్చుకున్నాడు. "ఆ పొద్దే ఆపెయ్యాల్సుండె."

అలీజా అతని ఎడమ చెయ్యి పట్టుకుంది. కోపం లేదని చెప్పలేదు, ఎందుకంటే కోపం ఉంది. చెయ్యి మాత్రం వదల్లేదు. అలాగే మూడు బండలు దాటారు, చింతచెట్టు దాటారు. గేటు పక్కనున్న ఆ ఖాళీ మీద బయటకు పోవు దారి అని రాసి ఉంది, ఇస్హాక్ తల తిప్పి చదివి, అందులోంచే బయటకు వచ్చాడు.

కారు దగ్గరికి రాగానే కాళ్లు వాటంతట అవే డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్లి ఆగాయి. కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి తాళాలు తీశాడు.

"ఫెయిలైన బేటా. తీస్కో."

అలీజా తీసుకుంది. "ముందు కూసో అబ్బా" అంది.

"వద్దు. ముందు కూసుంటే ఊకె బ్రేక్ తొక్కుత." వెనక తలుపు తీసి, ఎడమ పక్క కూర్చున్నాడు.

ఆ కారు కొని ఎనిమిదేళ్లయింది. వెనక సీట్లో ఇస్హాక్ కూర్చోవడం అదే మొదటిసారి. మోకాళ్లు ముందు సీటుకు తగిలాయి. ఏసీ గాలి వెనక్కి రావడం లేదని ప్రయాణికులు ఎనిమిదేళ్లుగా చెబుతూనే ఉన్నారు, అతను ఎనిమిదేళ్లుగా నమ్మలేదు. వాళ్లు చెప్పింది నిజమే.

"గాలి వస్తలేదు" అన్నాడు.

"వస్తది, జర ఆగుండ్రి" అంది అలీజా, సీటు ముందుకు జరుపుకుంటూ. ఎనిమిదేళ్లుగా అతను చెబుతున్న జవాబు అదే. ఆమె నవ్వలేదు. "ఎటు పోనియ్యాలె?"

"ఇంటికే. మీ అమ్మకు నేనే చెప్పాలె. నువ్వు చెప్పకు." కాస్త ఆగి, "చెప్పినంక గగన్‌పహాడ్ దిక్కు పోదాం. ఆమె ఆ రోడ్డు మీదనే ఎక్కడన్న ఉంటది. అడుగుదాం" అన్నాడు.

"పోదాం అబ్బా."

వెనక సీట్లో ఏడ్చేవాళ్లు ఎయిర్‌పోర్టు డ్రైవర్లకు కొత్త కాదు. ఎవరినో విమానం ఎక్కించి ఒంటరిగా తిరిగి వెళ్లేవాళ్లు, ఎవరో పోయారని తెలిసి దిగినవాళ్లు, దొరికిన ఆ గంటసేపు కారులోనే ఏడ్చేస్తారు. అలాంటప్పుడు డ్రైవరు ఏమైందని అడగడు, ఓదార్చడు. చెయ్యి చాపి లోపలి అద్దాన్ని కొంచెం పైకి తిప్పేస్తాడు. అది ఏ బ్యాడ్జి పరీక్షలోనూ లేదు. ఇస్హాక్‌కు ఎవరూ నేర్పలేదు, అతను ఎవరికీ నేర్పలేదు.

తాను ఏడుస్తున్నానని అతనికి గడ్డం తడిసేదాకా తెలియలేదు. తలెత్తి ఎదురుగా చూశాడు. అద్దంలో అలీజా కళ్లు కనిపించాయి. అవి ఒక్క క్షణం అతన్ని చూశాయి. తర్వాత ఆమె చెయ్యి లేచి అద్దాన్ని పైకప్పు వైపు తిప్పింది.

రెండు పక్కల అద్దాలూ చూసుకుని, ఇండికేటర్ వేసి, అలీజా రోడ్డెక్కింది.